పత్తి గింజ రోహిణిలో పొడిదుక్కిలోనా, 60 మిల్లీమీటర్లు పడ్డాకనా?

చెల్కసాళ్లు (నల్లగొండ)
రోహిణి కార్తె దగ్గరికొచ్చింది, మళ్లీ అదే పంచాయితీ. అచ్చులు (సాళ్ల గీతలు) తోలి, వాన పడకముందే పొడిదుక్కిలోనే గింజలు పెట్టేస్తున్నారు. వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పేదేమో తేలిక నేలల్లో 50–60 మి.మీ., నల్లరేగడిలో 60–75 మి.మీ. వాన పడ్డాకే విత్తమని. బీజీ-2 (బీటీ పత్తి) విత్తనాల ప్యాకెట్ 475 గ్రాములు, 2025 సీజన్‌కు కేంద్రం పెట్టిన గరిష్ఠ ధర రూ.901. ఎకరాకు రెండంటే రూ.1,802. మొలక పోతే మళ్లీ అంత, కూలి వేరే. ఎవరు ఏ పక్షం మాట్లాడినా నేల ఏంటో, గింజ లోతెంతో, ఎన్ని మి.మీ. వానో చెప్పి మాట్లాడండి. "తాతల నాటి నుంచి ఇంతే" అనే మాట మాత్రం వద్దు.

గుంటక (ఆదిలాబాద్)
పొడిదుక్కి జూదమే, ఒప్పుకుంట. గని ఆగి పెట్టుడు కూడ జూదమే కదన్నా. మా దిక్కు నల్లరేగడి. 70 మి.మీ. పడ్డదంటే నాలుగైదు రోజులు చేన్ల కాలు పెట్టరాదు, గుంటకకు మన్ను ముద్దలు ముద్దలు అతుక్కుంటది. అట్ల ఆరేలోపు మృగశిర ముసురు పట్టిందనుకో, ఐదు రోజులు పదిహేను అయితయి. పొడిల పెట్టినోని గింజ మాత్రం మొదటి పెద్ద వానకే లేస్తది.

2023 చూడుండ్రి. రుతుపవనాలు కేరళకే జూన్ 8న వచ్చినయి, మన దగ్గరికి వచ్చేసరికి జూన్ 20 దాటింది. ఆగి పెట్టిన పత్తి జులై ఆఖరుకు ఇంకా చిన్న మొక్కనే. గదే సమయంల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్కరోజే 649.8 మి.మీ. కొట్టింది. లేత మొక్క నీళ్లల్ల నిలబడితే వేరుకు గాలాడదు, ఆకు ఎర్రబడి గిడసబారుతది. తర్వాత ఆగస్టు దేశం మొత్తం మీద 1901 నుంచి చూసినా అంత పొడి ఆగస్టు లేదు. వేరు లోతుకు దిగినోనికీ, దిగనోనికీ తేడా అప్పుడు కనబడ్డది.

ఇంకొక మాట. ఎండిన దుక్కి మీద మొదటి వాన పడంగనే నేలల సూక్ష్మజీవులు లేసి నత్రజనిని విడుదల చేస్తయి. అది మొలిచిన పత్తికి దొరకాలె. ఆగితే కలుపు తింటది.

వానమాపి
గుంటక గారూ, మీ నత్రజని మాట నిజమే. కానీ మీరు "మొదటి పెద్ద వాన" అంటున్నారు, అసలు చిక్కు అక్కడే. మొదట వచ్చేది పెద్ద వానే అని ఎవరు చెప్పారు?

పొడి నేలలో గింజ పాడవదు. 4–5 సెం.మీ. లోతులో, చీమలూ ఉడతలూ వదిలితే, రెండు మూడు వారాలు భద్రంగానే ఉంటుంది. అసలు ముప్పు 15–20 మి.మీ. వానది. పత్తి గింజ తన బరువులో సగానికి పైగా నీరు పీల్చితేనే మొలక కదులుతుంది. 20 మి.మీ. అందుకు చాలు. కానీ జూన్ మొదట్లో వట్టి నేల మీంచి వాన పడ్డ తొలి రోజుల్లో రోజుకు 6–8 మి.మీ. దాకా ఆవిరైపోతుంది. మూడో రోజుకు మొలక కదులుతుంది, నాలుగో రోజుకు గింజ చుట్టూ తడి ఉండదు. వేరు కిందికి పోదామంటే కింద పొడి.

60 మి.మీ. ఎందుకన్నారంటే, పైతడి కింద పొరకు అందాలని. ఎకరా మీద 1 మి.మీ. వానంటే 4,047 లీటర్లు. 20 మి.మీ. అంటే 81 వేల లీటర్లు, 60 అంటే 2 లక్షల 43 వేలు. ఆ తేడా అంతా గింజకు కింద ఉండే నీరు. తర్వాత పది రోజులు చినుకు లేకున్నా మొక్క బతికేది దాని మీదే.

జనం తప్పు చదివేది ఇంకొకటుంది. జూన్ 1 నుంచి కూడుకుంటూ పోయి "60 అయింది" అనడం. ఎనిమిది రోజుల తేడాతో పడ్డ మూడు ఇరవైలు అరవై కావు. రెండు మూడు రోజుల్లో పడ్డదే లెక్క.

ఆదోని_పత్తి
మా పక్క జూన్ వానలను నమ్మి పొడిలో గింజ ఏసేది అయ్యే పని కాదు సామీ. పడమటి కర్నూలులో ఏడాది మొత్తం కలిపినా ఆదిలాబాద్ వానలో సగానికి కాస్త పైన. జూన్‌లో ఒక పదును (విత్తేంత తడి) ఇచ్చి మొకం చాటేస్తే మళ్లా ఎప్పుడో. అందుకే మా పక్క జులై పదును కోసం చూస్తారు. ఒకే సలహా ఆదిలాబాద్‌కూ ఆదోనికీ చెప్పేదానికి లేదు.

గుంటక (ఆదిలాబాద్)
గదే నేనూ అంటున్న. పటాన్‌చెరు ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వాళ్లు నల్లరేగడిల వానకు ముందే పొడి విత్తనం చెప్పినోళ్లే. ఏడాదికి 750 మి.మీ. పైన నమ్మకంగ పడే జాగల్ల అన్నరు. మాకు వెయ్యి పైనే పడ్తది.

వానమాపి
ఆ సిఫారసు సగమే చెప్పారు. రుతుపవనాల తొలి వానలు నికరంగా ఉండే చోట, ఎత్తు మడుల మీద, మురుగు కాలువలతో సహా చేసిన పద్ధతి అది. గింజ లోతుగా వేయమన్నారు, చిన్న వాన తడి గింజ దాకా అందకూడదని. లోతే అందులో కీలకం. మన దగ్గర అచ్చు గీసి, వేలితో రెండు సెం.మీ. గుంట చేసి, గింజ వేసి కాలితో మన్ను నెడతారు. పది మి.మీ. జల్లుకే గింజ ఉబ్బుతుంది. పొడిదుక్కి పెట్టేవాళ్లు 5 సెం.మీ. తగ్గకుండా పెట్టండి. అంతకంటే మరీ కిందికి పోతే పత్తి బీజదళాలు మట్టిని నెట్టుకుని పైకి రాలేవు. జొన్నకు చెల్లిన లోతు పత్తికి చెల్లదు.

చెల్కసాళ్లు (నల్లగొండ)
ఎర్ర చెల్కల్లో (తేలిక నేలల్లో) 5 సెం.మీ. కూడా కష్టమే సార్. గట్టి వాన కొట్టి, మర్నాడు ఎండ కాస్తే పైన అట్ట కడుతుంది. మొలక కింద వంగి, మెడ విరుగుతుంది. పొడిదుక్కిలో పెట్టినవాడికి వాన ఎంత జోరుగా పడాలో చెప్పే వీలు లేదు కదా. పదునులో పెట్టినవాడు ఆ మొదటి దెబ్బ తప్పించుకుంటాడు. చెల్కలో నేనైతే ఎట్టి పరిస్థితిలోనూ పొడిలో పెట్టమనను. అట్ట కడితే అది పగిలేలా ముళ్లకంప లాగాలి, అదీ మొలక పైకి రాకముందే.

మెట్టసాగు
అందరూ నీళ్ల దగ్గరే ఆగిపోయారు. పత్తికాయను తొలిచే గులాబీ రంగు పురుగు సంగతి?

నిరుటి పత్తి కట్టెలో, జిన్నింగ్ మిల్లుల దగ్గర గింజల్లో నిద్రాణంగా ఉన్న పురుగు మే, జూన్‌లో రెక్కల పురుగై బయటికొస్తుంది. అప్పటికి చేలో మొగ్గ లేకపోతే గుడ్డు పెట్టే చోటు దొరక్క చచ్చిపోతుంది. పత్తికి 40 రోజుల దగ్గర మొగ్గ వస్తుంది. మే ఆఖరున మొలిచిన చేనుకు జులై మొదట్లోనే మొగ్గ. ఊరంతా జూన్ మూడో వారంలో పెట్టి, నలుగురు మాత్రం మేలో పెడితే, ఆ నాలుగు చేలే పురుగు మిగతా చేలకు ఎక్కే మెట్టు. మహారాష్ట్ర ప్రభుత్వం జూన్‌కు ముందు పత్తి విత్తనాల అమ్మకాన్ని కట్టడి చేసింది ఈ ముందస్తు విత్తనాన్ని ఆపడానికే.

ముందు మొలిచిన చేలో 35 రోజులకే లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగును వాసనతో లాగి పట్టేవి) ఎకరాకు నాలుగైనా పెట్టండి. వరుసగా మూడు రోజులు బుట్టకు రోజుకు ఎనిమిది రెక్కల పురుగులు పడితే మందుకు దిగాల్సిందే.

గుంటక (ఆదిలాబాద్)
పురుగు మాట కాదనలేను. గని మేమేం మే 10న పెడ్తలేము. రోహిణి ఆఖరుల, అంటే జూన్ మొదటి వారంల. అప్పుడు పొడిల పెట్టినా మొలిచేది మృగశిరలనే. ఆగినోనికి మాకు తేడా పది, పన్నెండు రోజులు. అంతల్ల పురుగుకు మెట్టు ఎట్లయితది?

మెట్టసాగు
జూన్ మొదటి వారమైతే నా అభ్యంతరం సగం పోయింది. మిగిలిన సగం 2025 లాంటి ఏడాది గురించి. రుతుపవనాలు మే 24నే కేరళలో దిగాయి, 2009 తర్వాత అంత తొందరగా రావడం అదే. వెంటనే తెలంగాణకూ వచ్చేశాయని అందరూ ఉరికారు. ఆ తర్వాత మే నెలాఖరు నుంచి జూన్ మధ్యదాకా రుతుపవనాలు కదల్లేదు. "వచ్చాయి" అనే వార్తకూ "నిలిచాయి" అనే దానికీ మధ్య పదిహేను రోజులుంటాయి. కార్తెను నమ్మినా, టీవీ వార్తను నమ్మినా పోయేది గింజే. వాతావరణ శాఖ ప్రతి గురువారం నాలుగు వారాల అంచనా ఇస్తుంది. అందులో మొదటి రెండు వారాలే చూడండి. నా దృష్టిలో మూడు, నాలుగు వారాల మీద ప్యాకెట్ కొనేంత నమ్మకం పెట్టకూడదు.

ఆదోని_పత్తి
కలుపు మందు ఎవరూ ఎత్తలేదే. పెండిమిథాలిన్ 30 శాతం ఎకరాకు లీటరు, లీటరుంబావు కొడతాం గదా, విత్తిన 48 గంటల్లోపు. పొడి మట్టి మీద కొడితే ఎండకు పోతాది, పని చేయదు. పొడిదుక్కోళ్లు ఎప్పుడు కొట్టల్ల?

వానమాపి
వాన పడ్డ మర్నాడు, మొలక పైకి రాకముందు, 200 లీటర్ల నీళ్లలో. రేగడిలో ఆ రోజు అడుగు పడదు కాబట్టి చాలామందికి ఆ అవకాశం తప్పిపోతుంది. పొడిదుక్కి ఖర్చులో ఎవరూ రాయని పద్దు ఇదే. తర్వాత మొలిచిన కలుపు మీదికి, అది రెండు నుంచి నాలుగు ఆకుల మీదున్నప్పుడు, ఎకరాకు పైరితయోబాక్ సోడియం 250 మి.లీ., క్విజలోఫాప్ ఇథైల్ 400 మి.లీ. కలిపి కొట్టాలి. తుంగ గడ్డికి అది కూడా చాలదు. దీనికి చిట్కా గ్లైఫోసేట్ అనే కలుపు మందును తట్టుకునే గింజ అని సంతల్లో అమ్మేవాళ్లుంటారు. దానికి అనుమతే లేదు, బిల్లూ ఉండదు, మొలవకపోతే అడిగే దిక్కూ ఉండదు.

చెల్కసాళ్లు (నల్లగొండ)
సరే. రేగడిలో, జూన్ మొదటి వారంలో, 5 సెం.మీ. లోతులో అయితే పొడిదుక్కికి నేను అడ్డు చెప్పను. చెల్కకు మాత్రం నా మాట అదే. పెట్టేశాక 20 మి.మీ. పడి ఆగిపోతే ఏం చేయాలి? చాలామంది ఆ రోజే దుకాణానికి పరుగెడతారు.

గుంటక (ఆదిలాబాద్)
మేమైతే చేనంత ఒక్కసారి పెట్టం. సగం పొడిల, సగం పదునుకు. కూలోళ్లు కూడ దొరుకుతరు.

వానమాపి
సగం సగం మంచిదే. దుకాణానికి పోకముందు తవ్వి చూడండి. వాన పడ్డ మూడో, నాలుగో రోజున చేలో పది చోట్ల, చోటుకు పది గింజలు. మండలంలో వాన లెక్కించే కేంద్రం మీ చేనుకు పది కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు, దాని అంకె మీ గింజకు తెలియదు. గింజ ఉబ్బి, తెల్ల మొలక ఇంకా కదలకపోతే తిరిగి ఆరినా చాలావరకు బతుకుతుంది, వదిలేయండి. వేరు బయటికొచ్చి గోధుమ రంగుకు తిరిగితే అది పోయినట్టే. వందలో అలాంటివి సగానికి మించితే ఆ మడి మొత్తం తిరిగి పెట్టాలి. అంతకు తక్కువైతే ఖాళీలు నింపడమే.

దానికి గింజ పెట్టిన రోజే ఎకరాకు నాలుగైదు వందల పాలిథిన్ సంచుల్లో, మట్టీ పశువుల ఎరువూ కలిపి, ఒక్కో గింజ వేసి నీడపట్టున తడిపి పెట్టుకోవాలి. చేలో పది రోజుల తర్వాత కొత్తగా పెట్టిన గింజ పక్క మొక్కల నీడలో ఎదగదు. సంచిలోని మొక్కకు ఆ వెనకబాటు ఉండదు. 15–20 రోజుల మొక్కను వాన పడ్డ సాయంత్రం, సంచి చింపి, వేరు మట్టి విడవకుండా దించండి. 90×45 సెం.మీ. దూరంలో ఎకరాకు పది వేల పాదులు. అందులో ఐదు వందలు నింపడం ఇద్దరు మనుషుల ఒక పూట పని.

ఆదోని_పత్తి
జులై 20 దాటినాక కూడా సందులు కనపడితే పత్తి వద్దు, ఆ సందుల్లో కంది ఏసుకోండి.