ఈఆర్సీకి అభ్యంతరాలు రాస్తే ఫలితం ఉంటుందా?

సర్వీసు నంబరు:
డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, వచ్చే ఏడాది ఆదాయ అవసరాల లెక్కలను ఏటా నవంబరు 30లోగా విద్యుత్ నియంత్రణ మండలికి (ఈఆర్సీ, అంటే కమిషన్) ఇవ్వాలి. వాటి మీద ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు, బహిరంగ విచారణలో మాట్లాడొచ్చు. కానీ ఆంధ్రప్రదేశ్‌లో ఇంధన సర్దుబాటు (కరెంటు కొనుగోలు ఖర్చు అంచనా దాటితే ఆ తేడా వసూలు చేయడం) కింద 2022-23కి 6,072 కోట్లు, 2023-24కి 9,412 కోట్లు బిల్లుల్లోకి ఎక్కాయి. అభ్యంతరాలు పిలిచాకే ఎక్కాయి. ఇంతమంది రాసి ఏం ఒరిగింది? ఈసారి అపార్ట్‌మెంట్ సంఘాల తరఫున రాయాలా, వద్దా?

కిలోవాట్:
రాయాలండీ, కానీ ఎలా రాస్తారన్నదే ముఖ్యం. "పేదల మీద భారం వేయొద్దు" అని రాస్తే టారిఫ్ ఉత్తర్వులో "గమనించాం" అన్న ఒక్క మాటతో పోతుంది. ఏ ఏడాది ఉత్తర్వైనా తెరిచి చూడండి. అభ్యంతరం, దాని కింద డిస్కం జవాబు, దాని కింద కమిషన్ అభిప్రాయం వరసగా ఉంటాయి. అంకె అడిగితే అంకెతోనే జవాబు చెప్పాలి.

సర్దుబాటు పిటిషన్ మీద నేనైతే మూడు ప్రశ్నలు అడుగుతాను. బహిరంగ మార్కెట్‌లో కొన్న కరెంటు ఏ నెలలో, రోజులో ఏ వేళకు, యూనిట్ ఎంతకు కొన్నారు? అదే వేళలో చౌక థర్మల్ యూనిట్లను తగ్గించి నడిపి, వాటి స్థిర చార్జీలు (కరెంటు తీసుకోకపోయినా కట్టాల్సినవి) కూడా కట్టారా? కమిషన్ ఒప్పుకున్న నష్టాల శాతం దాటి లైన్లలో పోయిన కరెంటు ఖరీదును సర్దుబాటులో కలిపారా? ప్రతి ప్రశ్న పక్కన పిటిషన్ పేజీ నంబరు వేయండి. ఒక ప్రతి కమిషన్ కార్యదర్శికి, ఒకటి డిస్కంకు. సర్వీసు నంబరు, చిరునామా, సంతకం ఉండాలి. "విచారణలో స్వయంగా మాట్లాడతాను" అన్న మాట తప్పకుండా చేర్చండి.

పేపర్ కటింగ్:
వీటన్నిటికంటే ముందు చూడాల్సింది పత్రికా ప్రకటన. 2021లో 3,669 కోట్ల ట్రూఅప్‌కు, అంటే గత ఏళ్ళ లోటును బిల్లుల్లో రాబట్టడానికి, కమిషన్ అనుమతిచ్చింది. దక్షిణ డిస్కం ఎస్పీడీసీఎల్ పరిధిలో యూనిట్‌కు 1.23 రూపాయలు, తూర్పు డిస్కం ఈపీడీసీఎల్‌లో 45 పైసలు వసూలు మొదలైంది. ప్రకటన సరిగా ఇవ్వలేదని హైకోర్టుకు వెళ్తే కమిషన్ తన ఉత్తర్వును తానే వెనక్కి తీసుకుంది. వసూలు చేసిన డబ్బు బిల్లుల్లో సర్దారు.

ఎర్రదీపం:
ఆ తర్వాత మళ్ళీ విచారణ పెట్టి 2022లో సుమారు 2,900 కోట్లకు అనుమతిచ్చారు కదా. కాగితంతో ఆగినది కాగితంతోనే తిరిగొస్తుంది. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పెంపు మీద నిరసనలో పోలీసు కాల్పులకు ముగ్గురి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత చార్జీల మాట ఎత్తడానికి ప్రభుత్వాలు ఏళ్ళపాటు జంకాయి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ ప్లాంటు రాకుండా బీలను (అక్కడి చిత్తడి నేలను) కాపాడిందీ జనమే.

కిలోవాట్:
సోంపేట సంగతి పూర్తిగా చెప్పండి. 2,640 మెగావాట్ల ప్లాంటుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని, అక్కడ నిరసనకారుల మీద పోలీసు కాల్పులు జరిగిన రోజే, 2010 జూలై 14న, జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ రద్దు చేసింది. ఆ స్థలం చిత్తడి నేల అన్న సంగతి అనుమతి కాగితాల్లో సరిగా లేదన్నది అందులో ముఖ్యాంశం. అక్కడి జనం ఆ సంగతి రాసి, వాదించి, రికార్డులో పెట్టారు కాబట్టే అప్పీలు నిలబడింది. రోడ్డెక్కవద్దని నేననను. కాగితం లేని రోడ్డు పోరాటం కోర్టు దాకా వెళ్ళదు.

తీరవాసి:
పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్ళేవాళ్ళకు ఒక మాట. కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, సభంతా వీడియో తీయాలి. ముగిసే ముందు వచ్చిన అభ్యంతరాల సారాంశాన్ని అక్కడే తెలుగులో చదివి వినిపించాలి. చదవకుండా అధికారులు లేస్తుంటే మైకు పట్టుకుని అడగండి, అది వీడియోలో పడాలి.

పేపర్ కటింగ్:
ఆ 30 రోజుల ప్రకటన ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో రావాలి. రెండూ చూశారా లేదా అన్నదే నేను అడిగేది.

సర్వీసు నంబరు:
పత్రిక సంగతి సరే. నా బాధ వేరు. 2022 డిసెంబరులో కేంద్రం రూల్స్ మార్చాక ఆ సర్దుబాటును యూనిట్‌కు 40 పైసల దాకా నెలనెలా ముందే వసూలు చేస్తున్నారు, విచారణ ఆ తర్వాతే. మా జేబులో నుంచి పోయాక అభ్యంతరం దేనికి? ఇక నష్టాలంటున్నారు కదా, అసలు నష్టం ఎక్కడుందో అందరికీ తెలుసు. మీటర్లు లేని బోరు మోటార్లలో.

బోరుబావి:
చివరికి అక్కడికే వస్తారని తెలుసు. ఇంత చర్చా రైతు మోటారు మీద పెట్టడానికేనా?

కిలోవాట్:
వేడెక్కకండి, లెక్క చూద్దాం. డిస్కంలోకి 100 యూనిట్లు వచ్చాయనుకోండి. మీటరున్న అమ్మకాలు 65. మిగిలిన 35లో వ్యవసాయం 25 అని అంచనా వేస్తే నష్టం 10. వ్యవసాయం నిజంగా 20 అయితే నష్టం 15. ఆ 5 యూనిట్లు రైతు వాడలేదు, కానీ ఆయన పేరు మీదే పడ్డాయి. అంచనా ఎలా వేస్తారంటే, మోటార్లు మాత్రమే ఉన్న కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, హార్స్‌పవర్‌కు సగటు తీసి, మొత్తం హార్స్‌పవర్‌తో గుణిస్తారు. తప్పులు ఇక్కడే దొర్లుతాయి. నమూనా ట్రాన్స్‌ఫార్మర్ మీద నాలుగు ఇళ్ళు కూడా ఉంటే సగటు పెరుగుతుంది. 100/5 సీటీ (కరెంటును ఇరవయ్యో వంతుకు తగ్గించి మీటరుకు ఇచ్చే పరికరం) ఉన్న చోట రీడింగును 20తో గుణించాలి, మరిచిపోతే వాడకం ఇరవయ్యో వంతే కనబడుతుంది. మీటరు కాలిపోయిన నెలకు పక్క నెల అంకె వేస్తే, వానలకు మోటారు కట్టేసిన నెల కూడా ఎండాకాలంలా తేలుతుంది.

బోరుబావి:
5 హెచ్‌పీ అంటే 3.73 కిలోవాట్లు. 9 గంటలు ఆడితే 33 యూనిట్ల పైమాట, పాత మోటారైతే 40 దాటుతుంది. కానీ ఏడాదిలో ఎన్ని రోజులు ఆడుతుంది? బావిలో నీళ్ళు అడుగంటితే గంటకే గాలి పట్టేస్తుంది. ఆ లెక్క మీ సగటులో ఉందా? మీరు చెప్పిన లెక్కలో తప్పు లేదు, నాకు కోపం అందుకు కాదు. మోటారుకు మీటరు, తర్వాత బిల్లు, ఆ తర్వాత "ముందు మీరు కట్టండి, సబ్సిడీ ఖాతాలో వేస్తాం". ఆ వరస మాకు తెలుసు. విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం సబ్సిడీ డబ్బు ప్రభుత్వం డిస్కంకు ముందుగానే ఇవ్వాలి. అది ఆలస్యమైతే ముందు ప్రభుత్వాన్ని అడగండి.

ఎర్రదీపం:
ఇదీ అసలు మాట. ఉచిత విద్యుత్ ఉండాలా వద్దా అన్నది బయటికి అనకుండా నష్టాల పేరుతో చర్చిస్తున్నారు.

కిలోవాట్:
ఉచితం ఉండాలనే నా అభిప్రాయం. కానీ కొలవని దాన్ని ఎవరూ కాపాడలేరు. నేటి అంచనాతో రైతుకూ, ఇంటి వినియోగదారుకూ ఇద్దరికీ నష్టమే.

బోరుబావి:
కొలవండి, కానీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కొలవండి. నా స్టార్టర్ డబ్బా జోలికి రావొద్దు.

సర్వీసు నంబరు:
బోరుబావి గారూ, "అందరికీ తెలుసు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను రాయబోయేది ఇది: నమూనా ట్రాన్స్‌ఫార్మర్ల జాబితా మండలాల వారీగా, ఒక్కోదాని నెలవారీ రీడింగు, గుణకం, మీద ఉన్న ఇళ్ళ సంఖ్య, మీటరు ఆగిన నెలలు బయటపెట్టాలి. మోటార్లకు మీటర్లు అడగడం లేదు.

బోరుబావి:
ఆ చివరి వాక్యం ఇక్కడ చెబితే చాలదు, అభ్యంతరంలోనే ఉండాలి. ఉంటే మా ఊరి నుంచి సంతకాలు పంపిస్తాం.

కిలోవాట్:
ఆ వాక్యం ఉంటే నేను సంతకం పెట్టలేను. మీటరు వద్దని మనమే కమిషన్‌కు రాసిచ్చినట్టవుతుంది.

పేపర్ కటింగ్:
అభ్యంతరాలకు చివరి తేదీ ప్రకటనలోనే ఉంటుంది. ముందు ఆ ప్రకటన తీసిపెట్టుకోండి.