మెయిల్ ఆర్ట్ ప్రదర్శనలో బహుమతులు వద్దని పెద్దాయనకు ఎలా చెప్పాలి?

ప్రశ్న – తెనాలి డ్రాయింగ్ టీచర్

నమస్కారం. నేను తెనాలి దగ్గర ఒక ఊళ్లో హైస్కూల్ డ్రాయింగ్ టీచర్‌ని. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో మా ఊరి లైబ్రరీలో మెయిల్ ఆర్ట్, అంటే పోస్టులో పంపుకునే కళ, దాని ప్రదర్శన పెడుతున్నాను. జూన్‌లోనే పిలుపు పంపాను. "మా వీధి" అనే అంశం మీద పోస్టుకార్డో, కవరో, చేత్తో కుట్టిన చిన్న పుస్తకమో చేసి పోస్టులో పంపండి, ఫీజు లేదు, తిరిగి పంపం, వచ్చినవన్నీ పెడతాం అని రాశాను.

71 వచ్చాయి. 48 కార్డులు, 14 కవర్లు, 9 పుస్తకాలు. మా ఊళ్లో రిటైరైన పోస్ట్‌మ్యాన్ గారు తను ఏళ్ల తరబడి సైకిల్ తొక్కిన దారినంతా ఒక్క గీతగా గీసి, కరిచే కుక్కలున్న ఇళ్ల దగ్గర ఎర్ర చుక్కలు పెట్టారు. ఏడో తరగతి పిల్ల అంటించిన వేపాకు దారిలోనే పొడైపోయి, కార్డు మీద ఆకు ఆకారంలో జిగురు మరక మాత్రం మిగిలింది. నాకు ఆ మరక చాలా నచ్చింది. బ్రెజిల్ నుంచి అరచేతిలో పట్టే మడతల పుస్తకం వచ్చింది. విప్పి నిలబెడితే ఒక వీధి మొత్తం లేచి నిలబడుతుంది.

ఇప్పుడు టెన్షన్ ఏంటంటే, లైబ్రరీకి ఎప్పటి నుంచో అండగా ఉన్న ఒక పెద్దాయన "మంచివి ఇరవై ఏరి పెట్టండమ్మా, మొదటి మూడింటికి షీల్డులు నేనిస్తాను" అంటున్నారు. ఆయన ప్రేమతోనే అంటున్నారు, బీరువాల్లో సగం ఆయన కొనిచ్చినవే. కానీ అన్నీ పెడతానని నేను మాట ఇచ్చాను కదా. ఆయన మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలి? కార్డులకి రెండు వైపులా బొమ్మలున్నాయి, ఎలా వేలాడదీయాలి? పుస్తకాలు జనాన్ని ముట్టుకోనివ్వాలా, వద్దా?

జవాబు 1 – బెజవాడ బైండర్ గారి అమ్మాయి

టీచర్ గారూ, మా నాన్నగారిది విజయవాడలో బైండింగ్ షాపు. కాలికో గుడ్డ, అట్టలు, మైలుతుత్తం వేసి ఉడికించిన మైదా జిగురు, వీటి మధ్యే పెరిగాను. పదకొండేళ్లుగా మెయిల్ ఆర్ట్ పంపుతున్నాను. మీ పోస్టు చదివి చాలా సంతోషమేసింది, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

ముందు పెద్దాయన సంగతి. ఈ కళకి పునాది వేసినవాళ్లలో అమెరికాకు చెందిన రే జాన్సన్ ముఖ్యుడు. తను చేసిన కొలాజ్‌లని స్నేహితులకు పోస్టు చేసి, దీనికి మీరూ ఏదైనా చేర్చి పంపండి అనేవాడు. 1970లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో ఆయన పేరున ప్రదర్శన జరిగితే, అక్కడ పెట్టింది ఆయన బొమ్మలు కాదు. ఆయన పిలిస్తే వందకు పైగా మంది మ్యూజియానికి పంపిన ఉత్తరాలు. ఫీజు ఉండదు, ఏరివేత ఉండదు, వచ్చినవన్నీ పెడతారు, పాల్గొన్న ప్రతి ఒక్కరికీ అందరి వివరాలున్న జాబితా ఒకటి పంపుతారు. మెయిల్ ఆర్ట్ ప్రదర్శన అంటే ఈ మాట మీదే నిలబడింది.

ఆ మాట తప్పితే ఏమవుతుందో 1984లో తెలిసింది. న్యూయార్క్‌లోనే ఫ్రాంక్లిన్ ఫర్నేస్ అనే చోట అంతర్జాతీయ మెయిల్ ఆర్ట్ ప్రదర్శన పెట్టారు. బాధ్యత తీసుకున్న విమర్శకురాలు వచ్చినవాటిలో కొన్నిటిని పక్కన పెట్టారు. కళాకారులు బహిరంగ లేఖలు రాసి గట్టిగా నిలదీశారు. చివరికి ఆ సందర్భంగా జరిగిన చర్చ నడిపే బాధ్యత నుంచి ఆవిడ తప్పుకోవాల్సి వచ్చింది. అంత దూరం ఎందుకు వెళ్లింది? బొమ్మ పంపినవాళ్లు తీర్పు కోసం పంపలేదు. కబురు పంపారు. వచ్చిన కబురుకి మార్కులు వేయం కదా!

పెద్దాయనకు ఇదంతా చెప్పక్కర్లేదు. "పెళ్లికి పిలిచి, వచ్చినవాళ్లలో ఇరవై మందినే పంక్తిలో కూర్చోబెట్టం కదండీ" అని అడగండి చాలు. ఆ షీల్డుల డబ్బు వద్దనకండి, ఇంకో పనికి అడగండి. నాలుగు ఏ4 కాగితాలు మధ్యకు మడిస్తే 16 పేజీలు, మా భాషలో ఒక ఫారం. పేజీకి ఆరు బొమ్మల చొప్పున 12 పేజీల్లో మీ 71 పట్టేస్తాయి. మిగిలిన నాలుగు పేజీల్లో పేర్లు, ఊళ్లు, పెద్దాయన చేత నాలుగు మాటలు. ఆ పుస్తకం 71 ఇళ్లకూ వెళ్తుంది, షీల్డు అయితే మూడిళ్లకే. పాతరోజుల్లో ఈ జాబితాల్లో పూర్తి చిరునామాలే వేసేవారు, అవి చూసి ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునేవారు. మీరు మాత్రం అడగకుండా వేయకండి. పిల్లలకైతే బడి చిరునామా చాలు.

వేలాడదీయడం: గోడకి అంటించొద్దు. గోడకి ఓ రెండడుగులు ముందుకి పురికొస కట్టి, బట్టల క్లిప్పులతో కార్డులు తగిలించండి. అవతలి వైపుకి జనం తిరిగి వెళ్లేలా చోటుండాలి. పోస్టాఫీసు ముద్ర, చేతిరాత, నలిగిన మూల, ఇవన్నీ బొమ్మలో భాగమే. పంపినవాళ్ల ఇంటి నంబరు మీద చిన్న కాగితం ముక్క కప్పండి. ఒక వరస పిల్లల కళ్ల ఎత్తులో కట్టండి, ఇది మర్చిపోవద్దు.

పుస్తకాలని మాత్రం ముట్టుకోనివ్వండి. అద్దాల పెట్టెలో పెట్టిన పుస్తకానికి రెండు పేజీలే కనిపిస్తాయి, మిగతాదంతా చేసినవాళ్ల దగ్గరే ఉండిపోయినట్టు. తాళపత్ర గ్రంథమైనా కన్నాలు, వాటిలో దారం, పైనా కిందా చెక్కలే కదా, ఆకు తిప్పితేనే పుస్తకం. బల్ల దగ్గర ఒక పిల్లని కూర్చోబెట్టి, చేతులు తుడుచుకోవడానికి తడిగుడ్డ, పొడిగుడ్డ పెట్టండి. బ్రెజిల్ పుస్తకం మడతలు కొంచెం విప్పి, నిలువునా పెట్టండి. మరీ నాజూకువి ఒకటి రెండుంటే ఆ పిల్లే తిప్పి చూపిస్తుంది.

జవాబు 2 – ఒంగోలు నుంచి ఒక నాన్న

అన్నీ పెట్టాలన్నది నిజమే. కానీ బహుమతులని మరీ తీసిపారేయకండి. మా వాడికి నాలుగో తరగతిలో వచ్చిన కన్సొలేషన్ ప్రైజ్ వల్లే ఇవాళ్టికీ బొమ్మలు వేస్తున్నాడు. పిల్లలకు ఆ ఉత్సాహం కూడా కావాలి.

జవాబు 3 – బెజవాడ బైండర్ గారి అమ్మాయి

మీ అబ్బాయి విషయం వింటే ఆనందంగా ఉంది అన్నయ్యా. బడిలో పోటీ వేరేగా పెట్టి ఇస్తే నాకు అభ్యంతరం లేదు. పోస్టులో వచ్చినవాటికి మాత్రం వద్దంటాను. ఆ వేపాకు పిల్లకి ఏ ప్రైజూ రాదు, కానీ బ్రెజిల్ పుస్తకం పక్కనే తన కార్డు వేలాడటం చూస్తుంది.

జవాబు 4 – శాన్‌ఫ్రాన్సిస్కోలో గుంటూరు మనిషి

ఇక్కడ శాన్‌ఫ్రాన్సిస్కో సెంటర్ ఫర్ ది బుక్ అని ఒక సంస్థ ఉంది, 1996లో మొదలైంది. అచ్చువేయడం, బైండింగ్ నేర్పుతారు. 2004 నుంచి రోడ్‌వర్క్స్ అనే పండగ చేస్తున్నారు. పెద్ద పెద్ద లినోలియం పలకల మీద బొమ్మ చెక్కి, సిరా రాసి, వీధిలో పరిచి, పైన కాగితం వేసి, రోడ్డు రోలర్ ఎక్కిస్తారు! కాగితం లేపే క్షణంలో వీధంతా చప్పట్లు. నేను వెళ్లిన ఏడాది ఒక ముసలాయన భుజాల మీద మనవణ్ణి ఎత్తుకుని మూడు గంటలు అక్కడే నిలబడ్డారు.

మీది "మా వీధి" కాబట్టి చెబుతున్నాను. రోలర్ అక్కర్లేదు. పిల్లల చేత రబ్బర్ల మీద బొమ్మలు చెక్కించి, స్టాంప్ ప్యాడ్‌తో లైబ్రరీ మెట్ల దగ్గరే ముద్రలు వేయించండి. వచ్చినవాళ్లు ఒక్కో కార్డు తయారుచేసి అక్కడే డబ్బాలో వేస్తారు.

ఇంకో మాట. పెద్దాయనకి సభ కూడా కావాలంటే జనవరి 17 ఉంది. ఫ్రాన్స్ కళాకారుడు రాబర్ట్ ఫిలియూ 1963లో ఆ రోజుని కళ పుట్టినరోజుగా ప్రకటించాడు. చాలా దేశాల్లో మెయిల్ ఆర్ట్ చేసేవాళ్లు ఆ రోజు కార్డులు పంపుకుంటారు, కేకు కోస్తారు. మనకి సంక్రాంతి సందడే, కొన్నేళ్లలో సరిగ్గా ముక్కనుమ నాడే పడుతుంది.

జవాబు 5 – తెనాలి డ్రాయింగ్ టీచర్

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం పెద్దాయన ఇంటికి వెళ్లాను. పెళ్లి పంక్తి మాట చెప్పగానే కాసేపు ఏమీ అనలేదు. అన్నీ ఒకసారి చూపించమన్నారు. ఒక్కో కార్డూ కళ్లజోడు దగ్గరికి తెచ్చుకుని చూశారు. పోస్ట్‌మ్యాన్ గారి గీత దగ్గర వేలు ఆగిపోయింది. రామాలయం వెనక సందులో ఎర్ర చుక్క ఉన్నది వాళ్లింటి దగ్గరే. "మా రాజుగాడు. ఈయన్ని రెండుసార్లు కరిచాడు, సూదిమందుకి నేనే తీసుకెళ్లాను" అన్నారు. ఆ కుక్క పోయి పాతికేళ్లయిందట.

పుస్తకం ఖర్చు ఆయనే పెట్టుకుంటానన్నారు. నాలుగు మాటలు కూడా రాస్తారట, ఆ కుక్క గురించి. ఒంగోలు అన్నయ్య చెప్పినట్టు బడిలో పోటీ వేరేగా పెడదామన్నారు.

రేపు తెనాలి వెళ్లి పురికొస, క్లిప్పులు కొంటున్నాను. 71 ప్రతులూ పిల్లలతో కుట్టిద్దామని ఉంది, కొన్ని ఎక్కువ కూడా. ఏ దారం తీసుకోవాలి?

జవాబు 6 – బెజవాడ బైండర్ గారి అమ్మాయి

నూలు దారమే, నైలాన్ వద్దు, కాగితాన్ని కోసేస్తుంది. కొవ్వొత్తి ముక్క మీద రెండుసార్లు లాగి తీసుకుంటే చిక్కు పడదు. మడత మీద మూడు కన్నాలు. లోపలి నుంచి మధ్య కన్నంలో సూది బయటికి, పై కన్నంలోంచి లోపలికి, అక్కణ్ణుంచి లోపల మధ్య కన్నాన్ని దాటించి కింది కన్నంలోంచి బయటికి, మళ్లీ మధ్య కన్నంలోంచి లోపలికి. దారం రెండు కొసలూ పొడుగు కుట్టుకి అటొకటి ఇటొకటి వచ్చేలా చూసి ముడేయండి. నాకూ ఒక ప్రతి పంపండి. మా వీధి కార్డు ఇవాళే పోస్టు డబ్బాలో వేశాను, 72వది.