వాల్వు రేడియోలో "వాల్వు": కవాటం అనాలా, శూన్యనాళిక అనాలా?

పాత రేడియోల్ని పెద్దవాళ్ళంతా వాల్వు రేడియో అనే అంటారు కదా, పుస్తకాల్లో చూస్తే శూన్యనాళిక అని ఉంటుంది. గుండెలో ఉండే వాల్వుకీ ఈ గాజు బుడ్డికీ ఏంటండీ సంబంధం? తెలుగులో ఏది రాస్తే బాగుంటుంది?

↳ సంబంధం గట్టిదేనండీ. 1904లో లండన్‌లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ దీన్ని తయారుచేసి ఆసిలేషన్ వాల్వు అన్నాడు. బుడ్డిలో గాలి తీసేసి లోపల ఒక ఫిలమెంటు (బల్బులో ఉండే సన్న తీగలాంటిది), దానికి ఎదురుగా ఒక ప్లేటు, అంతే. ఫిలమెంటు బాగా వేడెక్కితే ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి, ప్లేటు పాజిటివ్‌గా ఉంటే అటు పోతాయి, నెగటివ్ అయితే పోవు, ప్లేటు చల్లగా ఉంటుంది కాబట్టి వెనక్కి వచ్చేవీ ఉండవు. సైకిల్ ట్యూబు వాల్వులో గాలిలాగా ఒకటే దారి.

ఇక రేడియోలో దీని పనేంటంటే, మీడియం వేవ్ స్టేషన్ తరంగం సెకనుకి 5 లక్షల నుంచి 16 లక్షల సార్లు అటూ ఇటూ ఊగుతుంది, మాటా పాటా ఉండేది ఆ ఊపు పెరగడం తగ్గడంలో. దాన్ని తిన్నగా హెడ్‌ఫోనుకిస్తే రేకు అంత వేగంగా కదల్లేదు, పై సగం కింది సగం ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఏమీ వినపడదు. వాల్వు ఒక సగాన్ని ఆపేస్తుంది, ఆ గరుకంతా కెపాసిటరు (కరెంటు నిలవచేసే భాగం) నున్నగా చేస్తుంది, మిగిలిన హెచ్చుతగ్గులే అనౌన్సర్ గొంతు! అమెరికావాళ్ళు బుడ్డిని చూసి ట్యూబ్ అన్నారు, బ్రిటిష్‌వాళ్ళు పనిని చూసి వాల్వన్నారు, మనకి వాళ్ళ మాటే వచ్చింది. నా ఓటు కవాటానికే, సైన్సు పుస్తకాల్లో ద్విపత్ర కవాటం, త్రిపత్ర కవాటం ఎలాగూ చదివాం.

↳ డయోడ్, అంటే ఈ ఫిలమెంటూ ప్లేటూ మాత్రమే ఉన్న బుడ్డి, దాని వరకూ సరే. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ మధ్యలో గ్రిడ్ అనే తీగ పెట్టాక అది సిగ్నల్‌ని పెంచే పనిలో పడింది కదా, దాన్నీ కవాటమే అంటారా?

↳ అంటాను, ఎందుకంటే గ్రిడ్-లీక్ అనే పాత రకం సెట్లలో గ్రిడ్డూ ఫిలమెంటూ కలిసి డయోడ్ పనే చేస్తాయి, అలా వడకట్టిందాన్ని ప్లేటు వైపు పెంచుతారు. అదంతా ఒక్క బుడ్డిలోనే.

↳ ఇంట్లో పాత సెట్టుంటే వెనక అట్ట తీసి చూడండి, ఒక వాల్వు మీద ఈబీసీ41 అని ఉండొచ్చు. ఈ అంటే 6.3 వోల్టుల హీటర్, బీ అంటే రెండు డయోడ్లు, సీ అంటే ట్రయోడ్, అదే గ్రిడ్ ఉన్న రకం. స్టేషన్ నుంచి గొంతుని విడదీసేది ఆ బీ. ప్లగ్ తీసేశాకే చెయ్యి పెట్టండి, అప్పుడు కూడా కెపాసిటర్ల జోలికి వెళ్ళకండి, కరెంటు నిలవుండి కొడతాయి.

↳ కవాటం రేడియో అంటే షాపువాడు నవ్వుతాడండీ. నేనైతే వాల్వు అనే రాస్తా.