కుందేలు బోను: నేల, జాలీ విషయంలో సలహా కావాలి

సుమారు 2 కిలోల బరువున్న ఒక కుందేలుకి ఇంట్లోనే బోను కడుతున్నాను. పొడవు 180 సెం.మీ., వెడల్పు 90, ఎత్తు 90. వెనక కాళ్ల మీద లేచి నిలబడినా చెవులు పైకప్పుకి తగలకూడదని ఆ ఎత్తు పెట్టాను. పగలు చాలాసేపు బయట గదిలోనే తిరుగుతుంది.

చెక్క ఫ్రేముకి అంగుళం గళ్ల వెల్డెడ్ జాలీ లోపలివైపు కొడుతున్నాను. బయటివైపు కొడితే చెక్కంతా కొరికేస్తుంది. కత్తిరించిన తీగ కొనలు బయటికి మడిచి, పైన సన్న చెక్కపట్టీ బిగిస్తాను. జాలీ బిగించడానికి ప్లాస్టిక్ జిప్ టైలు (కట్టే పట్టీలు) వాడను, కొరికి మింగితే పేగుకి అడ్డం పడే ప్రమాదం ఉంది.

అసలు చిక్కు నేలతోనే. కుందేలు పాదాల కింద కుక్కకీ పిల్లికీ ఉండే మెత్తలుండవు, అందుకే జాలీ నేల మీద ఉంచితే మడమలు పుండ్లవుతాయి. కాబట్టి 12 మి.మీ. ప్లైవుడ్ వేద్దామనుకుంటున్నా. ఊరికే వదిలేస్తే మూత్రం ఇంకి ఉబ్బుతుంది, అమ్మోనియా వాసన పోదు. పైన వినైల్ షీటు పరిస్తే అంచుల దగ్గర పీకి తింటుందేమో! అంచుల మీద అల్యూమినియం యాంగిల్ (L ఆకారపు పట్టీ) బిగిస్తే సరిపోతుందా? లేక టైల్స్ వేసి, జారకుండా నూలు చాప పరచడం మేలా?

ఇంకొకటి: దీనికి జాలీ కొరికే అలవాటుంది. గాల్వనైజ్డ్ పూతలోని జింకు లోపలికి పోతే విషమే కదా. స్టెయిన్‌లెస్ స్టీలు ఒక్కటే దారా? పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో అతికించే పూత) ఉన్న జాలీ వాడినవాళ్లుంటే, అది పెచ్చులూడిందో లేదో చెప్పండి.