పిలాతు నిజంగా చేతులు కడుక్కున్నాడా, యుద్ధం తర్వాత కడిగించారా?

సందేహాలరావు:
యేసును చంపించింది యూదులే, రోమా గవర్నరు పిలాతు పాపం ఇష్టం లేకుండా ఒప్పుకున్నాడు అని చిన్నప్పట్నుంచీ వింటున్నాం. నాకైతే ఇది రోముతో యూదుల యుద్ధంలో క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయం కూలాక, రోముతో పేచీ లేకుండా బతకడానికి క్రైస్తవులు అల్లుకున్న కథనంలా ఉంది. సిలువ రోమా శిక్ష. పైన తగిలించిన పలక మీద ఉన్నది ‘యూదుల రాజు’ అని, అంటే రాజద్రోహం. ఏమంటారు?

పాతరాతలు:
సగం ఒప్పుకుంటా. ఆ శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ చెప్పే పిలాతు ఆలయ ఖజానా డబ్బుతో కాలువ కట్టించి, గోల చేసిన జనంలోకి సైనికుల్ని మామూలు బట్టల్లో పంపి కర్రలతో కొట్టించినవాడు. చివరికి సమరయ ప్రాంతపు జనాన్ని ఊచకోత కోయించాకే ఉద్యోగం ఊడింది. అలాంటివాడు గుంపుకు జడిసి, ఈ చావులో నా తప్పు లేదంటూ చేతులు కడుక్కున్నాడంటే నాకు నమ్మబుద్ధి కాదు, పైగా ఆ ఘట్టం నాలుగు సువార్తల్లో ఒక్క మత్తయిలోనే ఉంది. కానీ ‘యూదులు’ అని గంపగుత్తగా అనకండి. కయప యూదుల ఆలయానికి ప్రధాన యాజకుడు, ఆ పదవి ఇచ్చేదీ పీకేదీ రోమా గవర్నరే. పస్కా పండక్కి జనం పోగైతే అల్లర్లవుతాయన్న టెన్షన్ ఆయనకీ ఉంటుందిగా.

గోదారిగట్టు:
ఇద్దరూ అన్నీ తీసుకెళ్లి 70కే కట్టేస్తున్నారు. తొలి క్రైస్తవ ప్రచారకుడు పౌలు ఉత్తరాలు 50ల నాటివండీ, అప్పటికి ఆలయం నిలబడే ఉంది. సిరియాలోని అంతియొకయలో అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి తింటున్న కేఫా (పేతురు), యెరూషలేములోని యేసు తమ్ముడు యాకోబు దగ్గర్నుంచి మనుషులు రాగానే పక్కకి తప్పుకున్నాడని పౌలు అందరి ముందూ నిలదీశాడు, ఆయన గలతీయులకు రాసిన ఉత్తరం రెండో అధ్యాయం చదవండి. సున్నతి, సహపంక్తి... ఇది యూదుల్లో యూదులకి ఇంటి గొడవ. ఇందులో రోమెక్కడుంది?

సందేహాలరావు:
గొడవ ఇంట్లోదే, క్రైస్తవుల చేత యూదుల నుంచి వేరుకాపురం పెట్టించిందెవరు? యుద్ధం అయ్యాక రోమా చక్రవర్తి వెస్పాసియన్ యూదులందరి మీదా ఏడాదికి రెండు ద్రక్మాల పన్ను వేశాడు, అదివరకు ఆలయానికి కట్టే సొమ్మును జూపిటర్ గుడికి మళ్లించాడు. ఆయన కొడుకు డొమిషియన్ హయాంలో తొంభై ఏళ్ల ముసలాయన్ని నిండు కోర్టులో సున్నతి ఉందో లేదో పరీక్షించడం తాను కుర్రతనంలో చూశానని రోమా రచయిత సూటోనియస్ రాశాడు. అలాంటి రోజుల్లో ‘నువ్వు యూదుడివా’ అన్న ప్రశ్న వేసేది పన్నుల గుమాస్తా, మతశాస్త్రం చెప్పేవాడు కాదు.

పాతరాతలు:
యూదుణ్ణి కాదని తప్పించుకుంటే క్రైస్తవుడికి ఇంకో చిక్కు. పాత ఆచారమని యూదులకి రోమా దేవుళ్ల పూజ నుంచి ఇచ్చిన మినహాయింపు పోతుంది. 112 ప్రాంతంలో రోమా రాష్ట్రం బితూనియలో (నేటి టర్కీ) గవర్నరు ప్లినీ క్రైస్తవుల్ని పట్టుకుని, చక్రవర్తి బొమ్మ ముందు ధూపం వేస్తే వదిలేశాడు, మొండికేస్తే చంపించాడు. గోదారిగట్టు గారూ, ఇది కూడా సహపంక్తి గొడవేనా?

గోదారిగట్టు:
అది 112 అండీ. నేనడిగింది 50ల గురించి.