హోటల్ డాక్యుమెంటరీలు పనివాళ్ల కష్టం చూపిస్తున్నాయా, వాడుకుంటున్నాయా?

పూర్ణిమ_హైద్: ముంబై తాజ్ మహల్ ప్యాలెస్ మీద 2014లో బీబీసీ టూలో వచ్చిన నాలుగు భాగాల ‘హోటల్ ఇండియా’ ఈమధ్యే చూశాను. ఇలాంటివి మన తెలుగు ఛానళ్లు ఎందుకు తీయవు?

ట్రాలీ_పద్మ: తీయకపోవడమే మేలు. హౌస్‌కీపింగ్‌లో పనిచేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, కెమెరా ముందు ఎవరూ మామూలుగా ఉండరు. అదంతా నటన.

కెమెరాకన్ను: ఒక్క మాటలో తేల్చేస్తే ఎలాగండీ? 1997లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో ఉన్న అడెల్ఫీ హోటల్ మీద బీబీసీ తీసిన ‘హోటల్’ చూడండి. ఆ ఏప్రిల్‌లో బాంబు బెదిరింపు వచ్చి అదే ఊళ్లో జరిగే గ్రాండ్ నేషనల్ గుర్రప్పందెం శనివారం నుంచి సోమవారానికి పోయింది. వేలమంది కార్లు మైదానంలోనే వదిలేసి ఊళ్లో చిక్కుకుపోయారు. వాళ్లకు పడక చూపించడానికి హోటల్ వాళ్లు పడ్డ తిప్పలు నటనా?

ట్రాలీ_పద్మ: బాంబు రోజు సరే, మిగతా రోజుల సంగతి చెప్పండి.

కెమెరాకన్ను: మిగతా రోజుల్లో వంటగది అరుపులు ఉన్నాయిగా! అవే ఆ సిరీస్‌కి పేరు తెచ్చాయి. పక్కన కెమెరా ఉందని మొదట సర్దుకుంటారు, పని మీద పడ్డాక మర్చిపోతారు. 2011లో ఛానల్ 4 ‘ది హోటల్’కి అయితే కెమెరాలు గోడలకే బిగించేశారు. ఎదురుగా మనిషే లేనప్పుడు ఎవరి కోసం నటిస్తారు?

సాగర్_నెల్లూరు: గోడకి బిగిస్తే ఇంకా ఘోరం కదా బ్రదర్.

రెడ్డి_డల్లాస్: 2012లో లండన్ లగ్జరీ హోటల్ క్లారిడ్జెస్ మీద వచ్చిన సిరీస్‌లో అంతా మర్యాదే. అక్కడ సిబ్బంది ఎప్పుడూ గొడవపడరా? ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ఎడిటింగ్‌లో తేలుతుంది.

కెమెరాకన్ను: ఎడిటింగ్ గురించి తర్వాత. పద్మగారు నటన అన్నారు, రుజువు చెప్పమంటున్నాను.

ట్రాలీ_పద్మ: చెబుతాను. మా హోటల్‌కి ఒక ఛానల్ వాళ్లు వచ్చారు. కొత్త యూనిఫాంలు ఇచ్చి, షూటింగ్ అయ్యాక వెనక్కి తీసుకున్నారు. పొద్దున షిఫ్ట్‌కి రాగానే హాజరు రిజిస్టర్‌తో పాటే, షూటింగ్‌కి ఒప్పుకుంటున్నట్టు ఇంకో కాగితం మీద కూడా సంతకం పెట్టించారు. సూపర్‌వైజర్ నిలబడి ఉంటే ఎవరు చదువుతారు? చెకౌట్ రూమ్‌లో బాత్‌టబ్ జాలీ దగ్గర ఒక వెంట్రుక ఉండిపోయిందని నాతో పనిచేసే అమ్మాయిని కెమెరా ముందే తిట్టారు. అది టీవీలో వచ్చింది. వాళ్ల అత్తగారి ఊళ్లో అందరూ చూశారు. తర్వాత ఆ అమ్మాయి పనికి రాలేదు.

కెమెరాకన్ను: మరి తిట్టింది నిజమే కదా! నటన కాదని మీరే చెబుతున్నారు.

ట్రాలీ_పద్మ: మనిషి పరువు పోయిందని చెబుతుంటే మీకు వాదనలో గెలుపు కావాలా? సిగ్గుండాలి.

పూర్ణిమ_హైద్: ఇద్దరూ కాస్త తగ్గండి, ప్లీజ్.

కెమెరాకన్ను: గెలుపు కోసం కాదండీ. మా నాన్న జీవితమంతా ఒక హోటల్లో సర్వరు. ఆ హోటల్ గోడల నిండా సినిమా వాళ్లతో ఓనరు దిగిన ఫొటోలే. మా నాన్న పనిచేస్తున్న ఫొటో మాకు ఒక్కటి కూడా లేదు. అలాంటి వాళ్లను ఎవరైనా తీస్తున్నారంటే, తీయనివ్వండి అంటాను.

ట్రాలీ_పద్మ: మీ బాధ అర్థమైందండీ. కానీ మీ నాన్నగారిని తీయాలంటే అడగాల్సింది ఆయన్ని. ఇక్కడ ఒప్పుకునేది ఓనరు, కనపడేది మేము. వద్దంటే రేపు షిఫ్ట్ ఉంటుందో లేదో తెలియదు. టీవీలో వేసే ముందు ఎవరి ముక్క వాళ్లకు చూపించాలి, వద్దంటే తీసేయాలి. అప్పుడు నాకేం అభ్యంతరం లేదు.

కెమెరాకన్ను: అలాగైతే తిట్టిన సూపర్‌వైజర్ కూడా తన ముక్క తీసేయమంటాడు. ఇక మిగిలేది హోటల్ ప్రకటనే. దానికి నేను ఒప్పుకోను.

ట్రాలీ_పద్మ: సూపర్‌వైజర్‌కి ఆ హక్కు ఇవ్వకండి, గదులు తుడిచేవాళ్లకే ఇవ్వండి.

సాగర్_నెల్లూరు: అలా ఒప్పుకునే ఛానల్ ఏదైనా ఉందా?