సోలార్ పెట్టిస్తున్నాము: తుపాను రోజుల్లో పనికొస్తుందా? పాడైన పాత బ్యాటరీని ఎవరికివ్వాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

అందరికీ నమస్కారం. మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టించాలని నిర్ణయించుకున్నాము. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఈ సామర్థ్యానికి కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇస్తున్నందువల్ల ఖర్చు మా అందుబాటులోకి వచ్చింది. అయితే రెండు సందేహాలు తీరక ముందుకు వెళ్లలేకపోతున్నాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీద విరుచుకుపడినప్పుడు, మా వీధిలో స్తంభాలు నేలకూలి రోజుల తరబడి కరెంటు లేదు. మంచం పట్టిన మా నాన్నగారికి ఆ రాత్రులన్నీ విసనకర్రతో విసురుతూ కూర్చున్నాము. పలకలు ఉంటే అటువంటి రోజుల్లో కనీసం ఫ్యాన్లు, దీపాలైనా నడుస్తాయా?

రెండవది, మా పాత ఇన్వర్టరు బ్యాటరీ పాడైపోయి మెట్ల కింద పడి ఉంది. పాత సామాన్లు కొనే అతను దుకాణంవారి కంటే మూడు వందలు ఎక్కువ ఇస్తానంటున్నాడు. కిందటి వేసవిలో పక్కింటివారి బ్యాటరీని ఇలాగే ఒకరు కొని, వీధి చివర చింతచెట్టు కిందనే గొడ్డలితో పగలగొట్టారు. లోపలి ద్రవాన్ని కాలువలోకి వంపినప్పుడు సిమెంటు గట్టు మీద తెల్లని నురుగు బుసబుసమని పొంగింది. రెండు రోజుల్లో అక్కడి గడ్డి మాడిపోయింది. పిల్లలు గోళీలాడుకునే చోటు అది. మూడు వందల కోసం నేనూ ఆ పని చేయించాలా అని మనసు ఒప్పుకోవడం లేదు. తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1 (జయపురం, విశ్రాంత విద్యుత్ ఉద్యోగి)

పర్లాకిమిడి మిత్రునికి, మీ మొదటి ప్రశ్న చాలామంది పలకలు బిగించుకున్న తరువాత అడుగుతారు. మీరు ముందుగానే అడిగారు, మంచిది. లైనుకు కలిపిన సోలార్ ఇన్వర్టరు, లైనులో కరెంటు పోయిన మరుక్షణం తానూ ఆగిపోతుంది. నడినెత్తిన ఎండ కాస్తున్నా సరే, ఇంట్లో దీపం వెలగదు. అది లోపం కాదు. మీ పలకల కరెంటు తెగిన తీగలోకి ప్రవహిస్తే, దాన్ని సరిచేయడానికి స్తంభమెక్కిన మనిషి ప్రాణం పోతుంది. ఆ స్తంభాలెక్కినవాడిని కాబట్టి ఈ ఏర్పాటు విలువ నాకు బాగా తెలుసు.

అందువల్ల తుపాను కోసం వేరే చిన్న ఏర్పాటు చేసుకోండి. 9 వాట్ల ఎల్ఈడీ దీపాలు నాలుగు, 30 వాట్ల కొత్తరకం ఫ్యాన్లు రెండు అనుకుంటే మొత్తం 96 వాట్లు. రాత్రి ఎనిమిది గంటలు నడిపితే ముప్పావు యూనిట్ దాటుతుంది, ఇన్వర్టరులో పోయేదీ కలుపుకుంటే సుమారు 0.9 యూనిట్. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-గంటల) బ్యాటరీలో నిండుగా ఉండేది 1.8 యూనిట్లు, అందులో సగం వరకే వాడితే అది ఎక్కువ కాలం మన్నుతుంది. అంటే ఒక్క బ్యాటరీ ఒక రాత్రికి సరిగ్గా సరిపోతుంది. దాన్ని పగలు నింపడానికి 300 వాట్ల పలక ఒకటి విడిగా పెట్టి, చిన్న సోలార్ ఇన్వర్టరుకు కలపండి. మబ్బు పట్టిన రోజున అది నిండదు కనుక, తుపాను హెచ్చరిక వినగానే బ్యాటరీని లైను కరెంటుతో నింపి ఉంచుకోవాలి.

మీరనుకున్న 3 కిలోవాట్లనూ లైనుకే కలపండి. కిలోవాటుకు సగటున రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున, నెలకు 360 యూనిట్ల దాకా వస్తాయి. వానాకాలంలో తగ్గుతుంది. మా వైపు 1955 నుంచి మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు ఉంది, అది ఆంధ్రా, ఒడిశాల ఉమ్మడి ప్రాజెక్టు. తరువాత బలిమెల, ఎగువ కొలాబ్ వచ్చాయి. వేసవి ముదిరి జలాశయాలు అడుగంటే రోజుల్లోనే ఎండ దండిగా ఉంటుంది కాబట్టి, నీటి కరెంటుకు సోలార్ మంచి తోడని నా నమ్మకం. ఇంకొక్క మాట: పలకల కాళ్లను స్లాబులోకి దింపి బిగించమనండి. ఊరికే ఇటుకల బరువు మీద నిలబెట్టిన చట్రం తిత్లీ వంటి గాలికి ఆగదు.

సమాధానం 2 (రాయగడ, సైన్సు ఉపాధ్యాయురాలు)

రెండవ ప్రశ్నకు నేను జవాబు చెబుతాను, ఎందుకంటే ఇది నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే ఉంటుంది. 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి, బ్యాటరీలను అలా పగలగొట్టేవారు దాన్ని బొగ్గుల కుంపటి మీద ఇనుప మూకుడులోనే కరిగించేస్తారు. ఆ పొగ, ఆ బూడిద ఇళ్ల మధ్య దుమ్ములో కలుస్తాయి, నేల మీద ఆడే పిల్లల చేతుల నుంచి నోటిలోకి వెళతాయి. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫరవాలేదని చెప్పగలిగే మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అదే సీసాన్ని పొగను వడకట్టే కొలిమి ఉన్న కర్మాగారానికి చేరిస్తే, దాదాపు అంతా తిరిగి కొత్త బ్యాటరీలోకి వెళుతుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని సేకరించి రీసైక్లింగ్ చేయించే బాధ్యత తయారీదారులదే. కాబట్టి కొత్తది కొనే దుకాణంలోనే పాతది ఇచ్చి, ఆ విలువను బిల్లులో తగ్గించి రాయించుకోండి.

పాత సామాన్లవారి మీద నాకు కోపం లేదు. కాగితం, గాజు, ఇనుము, మనం సిల్వరు గిన్నెలని పిలిచే అల్యూమినియం, ఇవన్నీ నిశ్చింతగా వారికే ఇవ్వండి. మా పొరుగున కోరాపుట్ జిల్లాలో పంచపట్‌మాలి కొండను తవ్వి తీసిన బాక్సైట్‌ను దామన్‌జోడిలో శుద్ధిచేసి, కరిగించి లోహం తీయడానికి అంగుల్‌కు పంపుతారు. టన్ను అల్యూమినియానికి సుమారు నాలుగు టన్నుల బాక్సైట్, పదమూడు పద్నాలుగు వేల యూనిట్ల కరెంటు కావాలి. పాత గిన్నెలను కరిగించి మళ్లీ లోహం చేయడానికి అందులో ఇరవయ్యో వంతు శక్తి చాలు. సొట్టపడిన గిన్నెను చెత్తకుప్పలో వేసినప్పుడల్లా నాకు ఆ కొండే గుర్తుకొస్తుంది.

మీ పలకలు పాతికేళ్లు మన్నుతాయి. వాటి చట్రమూ అల్యూమినియమే, బరువులో ఎక్కువ భాగం గాజు. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల్లో సోలార్ పలకలనూ చేర్చారు కాబట్టి, కొన్న బిల్లును భద్రపరచండి.

ప్రశ్న అడిగినవారి జవాబు

బాబాయిగారూ, మీ లెక్క కాగితం మీద రాసుకుని ఇంట్లో చూపించాను. పెద్ద పలకలు లైనుకు, చిన్న పలక నాన్నగారి గదికి అని అందరూ ఒప్పుకున్నారు. అక్కగారూ, బ్యాటరీ దుకాణానికే ఇస్తాము. ఆటోలో తీసుకువెళ్లడానికి ఏమైనా జాగ్రత్తలున్నాయా?

సమాధానం 3 (గుణుపురం నుంచి)

నిటారుగానే ఉంచండి, పక్కకు పడుకోబెడితే ఆసిడ్ కారుతుంది. మూతలు బిగించి, రెండు ధ్రువాల మీదా టేపు చుట్టి, కింద పాత గోనెసంచి పరవండి. ఇద్దరు పట్టుకుంటే తప్ప ఎత్తవద్దు. చేతికి తడి తగిలితే వెంటనే ధారాళంగా నీళ్లతో కడుక్కోండి.